నిమిషానికి పదిహేను తూటాలు

తుపాకుల వెనుక చరిత్ర – 12వ భాగం

1909లో బ్రిటిష్ సైన్యం అచ్చువేసిన మస్కెట్రీ నిబంధనల పుస్తకంలో 22వ అభ్యాసం అని ఒకటుంది. సిపాయి నేల మీద బోర్లా పడుకోవాలి. రైఫిల్లో ముందుగా ఐదు తూటాలే ఉంటాయి: చాంబరులో ఒకటి, మ్యాగజైనులో నాలుగు. 300 గజాల దూరాన నాలుగడుగుల చదరపు టార్గెట్టు పైకి లేస్తుంది. అది లేచిన క్షణం నుంచి నిమిషం గడువు. ఆ నిమిషంలో 15 తూటాలు కాల్చాలి. అంటే మధ్యలో రెండుసార్లు నడుముకున్న సంచిలోంచి ఐదేసి తూటాల క్లిప్పు తీసి రైఫిల్లోకి నొక్కుకోవాలి. లెక్కకు ఒక్కో తూటాకు నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలోనే బోల్టు ఎత్తాలి, లాగాలి, తోయాలి, దించాలి, గురి చూడాలి, మీట నొక్కాలి. తర్వాతి కాలంలో దీనికి ‘మ్యాడ్ మినిట్’ అన్న పేరు స్థిరపడింది.

సైన్యం ఈ అభ్యాసాన్ని ఎప్పుడో వదిలేసింది. కానీ లండన్‌కు నైరుతి దిక్కున, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సర్రే కౌంటీలోని బిస్లే ఫైరింగ్ రేంజిలో ఇప్పటికీ పాత సైనిక రైఫిళ్లు పేలుతూనే ఉన్నాయి. వాటిని కాల్చేవాళ్లు సైనికులు కారు. ఆఫీసు ఉద్యోగులు, రిటైరైన మాస్టార్లు, మెకానిక్కులు. తాతల నాటి యుద్ధం గురించి పుస్తకాలు చదివి చదివి, ఆ యుద్ధంలో వాడిన వస్తువును ఒక్కసారి చేతబట్టాలనుకున్నవాళ్లు. వాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు. మనకది ఆ పేరుతో పరిచయం లేదు. పోలీసు స్టేషను గుమ్మంలో సెంట్రీ భుజాన వేలాడిన ‘త్రీనాట్‌త్రీ’ అంటే చాలు, పల్లెటూరి పెద్దలకు కూడా కళ్లముందు మెదులుతుంది.

కిందటి భాగంలో 1857 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిలును, దాని కొవ్వు పూసిన తూటాను, దానివల్ల రగిలిన నిప్పును చూశాం. త్రీనాట్‌త్రీ ఆ వంశంలో పుట్టిన మనవడే. అయితే దాని కథను ఈసారి యుద్ధభూమి నుంచి కాకుండా ఫైరింగ్ రేంజి నుంచి చెప్పదలిచాను. ఒక పాత ఆయుధం ఎందుకలా తయారైందో పుస్తకం కొంతే చెబుతుంది. మిగతాది దాన్ని వాడే చేతికి తెలుస్తుంది.

బిస్లే రేంజి వినోదం కోసం పుట్టింది కాదు. 1859లో ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ దండెత్తి వస్తాడేమోనన్న భయం ఇంగ్లండును పట్టుకుంది. ఊరూరా వలంటీరు దళాలు లేచాయి. గుమస్తాలు, దుకాణదారులు రైఫిలు పట్టడం నేర్చుకోవాలన్న ఉద్దేశంతో అదే ఏడాది నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. 1860 జూలై 2న వింబుల్డన్ కామన్‌లో జరిగిన తొలి పోటీలను విక్టోరియా రాణి స్వయంగా ప్రారంభించింది. విట్‌వర్త్ రైఫిలును ఒక ఇనుప చట్రానికి బిగించి, 400 గజాల దూరపు టార్గెట్టుకు ముందే గురి కుదిర్చి పెట్టారు. రాణి మీటకు కట్టిన పట్టుతాడు లాగింది. తూటా దాదాపు నడిబొడ్డునే తగిలింది. నగరం పెరిగి వింబుల్డన్‌లో ఇళ్లు వచ్చేయడంతో 1890లో పోటీలు బిస్లేకు తరలాయి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఎక్కువ షూటింగు పోటీలు జరిగింది ఇక్కడే. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మన షూటర్లు పతకాలు మూటగట్టుకున్నదీ ఇక్కడే. వీటికంటే పాత బంధం కూడా ఒకటుంది. బ్రిటిష్ సామ్రాజ్య దేశాల జట్ల మధ్య పోటీ కోసం 1871లో కొల్హాపూర్ రాజావారు ఒక కప్పు బహూకరించారు. కొలాపూర్ కప్పు అనే ఆ పాత స్పెల్లింగుతోనే అక్కడ ఇంకా దానికోసం పోటీపడుతున్నారు.

ఇక రైఫిలు దగ్గరికి వద్దాం. దాని పేరులోని లీ, జేమ్స్ ప్యారిస్ లీ. 1831లో స్కాట్లండులోని హాయిక్‌లో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో కెనడా వెళ్లి, పెద్దయ్యాక అమెరికాలో స్థిరపడ్డాడు. బోల్టుకు సరిగ్గా కింద ఒక పెట్టె, అందులో స్ప్రింగు, స్ప్రింగు మీద ఒకదానిపై ఒకటి తూటాలు. ఈ పెట్టె మ్యాగజైనుకు 1879లో పేటెంటు పుచ్చుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో ఏ రైఫిలు కింద చూసినా వేలాడే మ్యాగజైనుకు మూలం ఆ ఆలోచనే. 1888లో బ్రిటిష్ సైన్యం లీ యంత్రాంగాన్ని, విలియం మెట్‌ఫర్డ్ అనే ఇంజనీరు రూపొందించిన బ్యారెల్‌నూ కలిపి కొత్త రైఫిలు తెచ్చుకుంది. అప్పటికి అందులో వాడింది నల్లటి తుపాకిమందే. కొద్దికాలానికే పొగరాని కార్డైట్ వచ్చింది. దాని వేడికి మెట్‌ఫర్డ్ బ్యారెల్‌లోని లోతు తక్కువ గాట్లు త్వరగా అరిగిపోయాయి. ఎన్‌ఫీల్డ్ కర్మాగారం వాళ్లు లోతైన ఐదు గాట్ల బ్యారెల్ వేశారు. అలా 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అన్న జంటపేరు పుట్టింది.

ఆ రైఫిలుకు పరీక్ష దక్షిణాఫ్రికాలో ఎదురైంది. 1899 డిసెంబరులో ఒకే వారంలో స్టార్మ్‌బర్గ్, మాగర్స్‌ఫాంటీన్, కొలెన్సో అనే మూడు చోట్ల బోయర్ రైతులు బ్రిటిష్ సైన్యాన్ని చావుదెబ్బ తీశారు. వాళ్ల చేతుల్లో జర్మన్ మౌజర్లున్నాయి. ఐదు తూటాలున్న క్లిప్పును పైనుంచి ఒక్క నొక్కు నొక్కితే మ్యాగజైను నిండిపోయేది. బ్రిటిష్ సిపాయి మాత్రం ఒక్కొక్క తూటానే లోపలికి దూర్చుకోవాలి. ఈ తేడా ఎన్ని ప్రాణాలు తీసిందో దగ్గరనుంచి చూసినవాళ్లలో మన వాళ్లూ ఉన్నారు. కొలెన్సోలో, ఆ తర్వాత స్పియాన్ కాప్‌లో క్షతగాత్రులను స్ట్రెచర్ల మీద మోసింది గాంధీగారు కూడగట్టిన భారతీయ అంబులెన్సు దళం. 1,100 మంది ఉన్న ఆ దళంలో అత్యధికులు నాటాల్ చెరకు తోటల్లో ఒప్పంద కూలీలు. వాళ్లలో చాలామంది మద్రాసు రేవులో ఓడెక్కి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు.

ఆ పరాభవం నుంచి పుట్టిందే కురచ లీ-ఎన్‌ఫీల్డ్. 1903 నుంచి సిపాయిల చేతికొచ్చింది. 1907లో వచ్చిన మూడో మార్కు అందరికంటే పేరుకెక్కింది. ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే బిస్లేలో ఎవరైనా ఆ మూడో మార్కు రైఫిలును బల్లమీద పెట్టి చూపించినప్పుడు, దానిమీద ఒక్కో ఇనప ముక్కా ఒక్కో వాదన చెబుతుంది.

మ్యాగజైను పైన కుడిపక్క ఒక పలుచని రేకు ఉంటుంది. దాన్ని లోపలికి నెడితే మ్యాగజైను మూసుకుపోతుంది. అప్పుడు ఒక్కో తూటానే చేత్తో పెట్టి కాల్చుకోవాలి. మ్యాగజైనులోని పది తూటాలూ అధికారి ఆజ్ఞ ఇచ్చేదాకా భద్రంగా దాచి ఉంచాలన్నది దాని ఉద్దేశం. సిపాయి చేతికి పది తూటాలిస్తే దుబారా చేస్తాడన్న అనుమానం ఆ రేకు రూపంలో బిగుసుకుంది. ఎడమపక్కన ఇంకో వింత: ముందు ఒక గుండ్రటి డయలు, వెనుక ఒక చిన్న కన్ను. 2,800 గజాల దాకా గురి చూసుకోవడానికట. అంటే రెండున్నర కిలోమీటర్లు. అంత దూరాన మనిషి కంటికి ఆనడు. గుంపును ఉద్దేశించి కంపెనీ మొత్తం ఒకేసారి పైకి కాలిస్తే తూటాల వాన కురుస్తుందన్నది అప్పటి నమ్మకం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే ఈ రెంటినీ తీసేశారు. కందకాల్లో సిపాయిని అనుమానించే తీరిక లేదు, రెండున్నర కిలోమీటర్ల దూరం చూసే వీలూ లేదు. రేకు ఉన్న రైఫిలునూ, లేని రైఫిలునూ పక్కపక్కన పెడితే సైన్యం ఆలోచన ఎలా మారిందో చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. పాత ఆయుధాలను గాజుపెట్టెలో చూడ్డానికీ, రేంజిలో వాడి చూడ్డానికీ ఉన్న తేడా నా దృష్టిలో ఇదే.

కాల్చేముందు చేసే తనిఖీ కూడా ముచ్చటైనదే. బోల్టు పిడి మీద చెక్కిన నంబరూ, రైఫిలు బాడీ మీది నంబరూ ఒకటేనా అని చూస్తారు. ఈ బోల్టును ఆ రైఫిలుకే సరిపడా ఆకురాయితో సాన పట్టి కూర్చి ఉంటారు కనుక, నంబర్లు కలవకపోతే అనుభవజ్ఞుడు గేజీతో కొలిచి చూసేదాకా ఎవరూ కాల్చరు. తర్వాత క్లిప్పు. త్రీనాట్‌త్రీ తూటాకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. మ్యాగజైనులో పైతూటా అంచు కిందితూటా అంచుకు ముందుండాలి. వెనక పడిందంటే రెండూ కొక్కెం వేసుకుని బోల్టు బిర్రబిగుసుకుపోతుంది. అందుకే క్లిప్పులో ఐదు తూటాలనూ ఒకటి కిందికీ ఒకటి పైకీ మార్చిమార్చి పేరుస్తారు. అలా పేరిస్తే క్లిప్పు ఏ కొస కిందికి తిప్పి పెట్టినా ఫరవాలేదు. చీకట్లో, బురదలో, వణికే చేతుల్తో నింపుకోవాల్సినవాడి కోసం ఎవరో ఎంత ఆలోచించి ఉంటారో! బొటనవేలు తూటాల అడుగున ఆనించి గట్టిగా నొక్కితే ఐదూ చరచర దిగిపోతాయి. ఖాళీ క్లిప్పును తీసేయడం, ఇంకోటి పెట్టడం. పది నిండాయి.

లీ బోల్టు చాలా తక్కువ మలుపుతో తెరుచుకుంటుంది. మౌజరు బోల్టు తొంభై డిగ్రీలు తిరగాలి, దీనికి అరవై చాలు. పైగా మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ మౌజరులో బోల్టు ఎత్తేటప్పుడే స్ప్రింగు బిగించాలి కనుక చేతికి బరువు తెలుస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో స్ప్రింగు బిగిసేది బోల్టు ముందుకు తోసేటప్పుడు. ముందుకు తోయడంలో అరచేతి బలమంతా తోడవుతుంది. పిడి కూడా మీటకు పక్కనే, చేతికందేలా వంగి ఉంటుంది. ఆరితేరినవాళ్లు బొటనవేలూ చూపుడువేలూ బోల్టు పిడి వదలకుండానే నడివేలితో మీట నొక్కుతారు. కన్ను గురి మీదనుంచి పక్కకు పోదు, బట్టు చెంపకు ఆనే ఉంటుంది. ఈ వేగం ఎక్కడిదో చదివి తెలుసుకోవడం వేరు, రెండు క్లిప్పులు కాల్చాక మణికట్టుకు దానంతట అదే అర్థం కావడం వేరు.

దూరాన టార్గెట్ల కింద గట్టు వెనుక గొయ్యిలో మనుషులుంటారు. బిస్లేలో వాళ్లను మార్కర్లంటారు. గుండు నెత్తిమీదుగా చెళ్లుమని పోగానే టార్గెట్టు కిందికి దించి, చిల్లు ఎక్కడ పడిందో చూసి, అక్కడ గుండ్రటి బిళ్ల గుచ్చి మళ్లీ పైకెత్తుతారు. కాల్చినవాడు ఆ బిళ్లను చూసి తన తప్పు సవరించుకుంటాడు. వంతుల ప్రకారం కాల్చినవాళ్లే గొయ్యిలోకి దిగి ఇతరుల టార్గెట్లు లాగడమూ ఉంది. శబ్దం కంటే వేగంగా వచ్చే తూటా కొట్టే ఆ చెళ్లుమనే చప్పుడును గొయ్యిలో నిలబడి వింటే, ఆ చప్పుడు కింద నాలుగేళ్లపాటు కందకాల్లో బతికినవాళ్ల గురించి తలపుకు రాకుండా ఉండదు.

కాల్చడం అయ్యాక పని సగమే పూర్తయినట్టు. పాతకాలపు తూటాల టోపీల్లో వాడిన రసాయనం పేలినప్పుడు బ్యారెల్‌లో ఉప్పు మిగిలిపోతుంది. అది గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినేస్తుంది. నూనెకు ఆ ఉప్పు కరగదు. నీళ్లకే కరుగుతుంది. అందుకే మిగులు సైనిక తూటాలు కాల్చినవాళ్లు గరాటా పెట్టి బ్యారెల్‌లో సలసల కాగే నీళ్లు పోస్తారు. ఆ వేడికి ఉక్కు వెంటనే ఆరిపోతుంది. ఆ తర్వాత రైఫిలు బట్టు చివర ఉన్న ఇత్తడి మూత తెరుస్తారు. లోపల చిన్న నూనె సీసా, చుట్టిపెట్టిన తాడు ఉంటాయి. తాడు ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన గుడ్డపేలిక దూర్చే ఉచ్చు. బరువును బ్యారెల్‌లోకి జారవిడిచి, అటునుంచి లాగితే గుడ్డ లోపలంతా తుడుచుకుంటూ వస్తుంది. మన పోలీసు లైన్లలో పనిచేసిన వాళ్లకు ఇది కొత్త కాదు. పుల్‌త్రూ, చిందీ, ఆయిల్ బాటిల్. పరేడు ముందు రోజు రాత్రి వాళ్లు చేసిన పని అదే.

ఇప్పుడు మళ్లీ ఆ నిమిషానికి వద్దాం. 1905 నుంచి హైత్ మస్కెట్రీ స్కూలులో ప్రధాన శిక్షకుడు నార్మన్ మెక్‌మహాన్. రాబోయే యుద్ధాన్ని మెషిన్ గన్ శాసిస్తుందని నమ్మినవాడు. ఖజానా డబ్బివ్వలేదు. ఒక్కో బెటాలియన్‌కు రెండే మెషిన్ గన్లు దక్కాయి. గన్లు ఇవ్వకపోతే మనిషినే ఆ వేగానికి తయారుచేయాలని పట్టుబట్టాడు. 1914 ఆగస్టు 23న బెల్జియంలోని మోన్స్ దగ్గర కాలువ గట్టున జర్మన్ దళాలు బారులు తీరి ముందుకొచ్చాయి. ఎదురుగా ఉన్న బెటాలియన్లలో ఒకటి నాలుగో రాయల్ ఫ్యుసిలియర్స్. దాని కమాండరు మెక్‌మహానే. ఆ రోజు రైఫిళ్ల వేగం చూసి జర్మన్లు అవి మెషిన్ గన్లని భ్రమపడ్డారన్న కథ ఇంగ్లండులో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇప్పటి చరిత్రకారులు అది అతిశయోక్తి అంటున్నారు. వాళ్ల మాటే సబబనిపిస్తుంది. అయినా జర్మన్ల నష్టం నిజం, ఆ కాల్పుల తీవ్రతా నిజం.

విషాదమల్లా ఆ తర్వాతిది. నవంబరు 11న ఈప్రె దగ్గర మెక్‌మహాన్ చనిపోయాడు. ఆయన తయారుచేసిన పాత సైన్యంలో ఎక్కువభాగం ఆ ఏడాది చివరికల్లా నేలకొరిగింది. వాళ్ల స్థానంలో వచ్చిన లక్షలాది కొత్తవాళ్ల చేతుల్లో ఉన్నది అదే రైఫిలు. కానీ అంతటి సాధనకు వ్యవధి లేకపోయింది. నైపుణ్యం తుపాకీలో ఉండదు, ఏళ్ల తరబడి దాన్ని పట్టిన చేతిలో ఉంటుంది. బిస్లేలో నిమిషం గంట మోగేసరికి ఇంకా రెండు తూటాలు మిగిలిపోయిన షూటరుకు ఈ ముక్క ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది సెప్టెంబరు చివర్లోనే మన సిపాయిలు ఫ్రాన్సులో దిగారు. మార్సేల్స్ రేవులో వాళ్ల పాత రైఫిళ్లు తీసుకుని కొత్తరకం చేతికిచ్చారు. కొద్ది వారాలకే కందకాల్లోకి పంపారు. అప్పటిదాకా కొత్తరకం ఎందుకు ఇవ్వలేదన్నదానికి జవాబు 1857లో ఉంది. ఆ తిరుగుబాటు తర్వాత భారతీయ సైనికుల ఆయుధం బ్రిటిష్ సైనికుల ఆయుధం కంటే ఒక మెట్టు కింద ఉండాలన్నది అలిఖిత విధానం అయింది. తెల్లవాళ్లకు మార్టినీ-హెన్రీ ఉన్నప్పుడు మనవాళ్లకు స్నైడర్. వాళ్లకు లీ-మెట్‌ఫర్డ్ వచ్చినప్పుడు మనవాళ్లకు మార్టినీ. పోలీసు దగ్గరికి వచ్చేసరికి ఇంకా కింది మెట్టు. కలకత్తా దగ్గర ఇషాపూర్ కర్మాగారంలో త్రీనాట్‌త్రీ రైఫిళ్ల బ్యారెళ్లను తొలిచి, గాట్లు లేకుండా నున్నగా చేసి, .410 మస్కెట్లుగా మార్చారు. మ్యాగజైను ఉండాల్సిన చోట కొయ్యముక్క బిగించారు. ఒక్కసారికి ఒక్క తూటా, అదీ దగ్గరి దూరానికే. పోలీసులకు, జైలు కాపలావాళ్లకు ఇచ్చింది అది. పైకి చూస్తే అచ్చం రైఫిలే. లోపల దాని ప్రాణం తీసేశారు.

ఈ సంగతి తెలిస్తే మన స్వాతంత్ర్య పోరాటంలోని కొన్ని ఘట్టాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. ఏమేం తీసుకున్నదీ రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. మన్యంలో ఆయన్ను ఎదుర్కోవడానికి ప్రభుత్వం దించింది మలబారు స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను. 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగ్‌లో సూర్యసేన్ దళం ఆయుధాగారాలను పట్టుకుంది. ఆగ్జిలరీ ఫోర్స్ ఆయుధాగారంలో మంచి రైఫిళ్లూ, లూయిస్ గన్లూ దొరికాయి. వాటికి తూటాలు మాత్రం దొరకలేదు. నాలుగు రోజులకు జలాలాబాద్ గుట్టమీద ఆ కుర్రాళ్లు సైన్యంతో తలపడింది పోలీసు మస్కెట్లతోనే. వాళ్ల చేతుల్లో ఉన్నదేమిటో, ఎదుటివాళ్ల చేతుల్లో ఉన్నదేమిటో తెలిసినప్పుడు ఆ తెగువ బరువు ఎంతో తూచగలుగుతాం.

రైఫిలు గురించి ఇంత చెప్పాక రివాల్వరును వదిలేస్తే అన్యాయం. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ రివాల్వరును బ్రిటిష్ సైన్యం 1887లో స్వీకరించింది. 1915లో వచ్చిన ఆరో మార్కు అందరికీ తెలిసింది. చూడ్డానికి మొరటుగా, చేతికి కిలోకు పైగా బరువుగా ఉంటుంది. వెనుక ఎడమపక్క ఉన్న మీటను బొటనవేలితో నొక్కితే రివాల్వరు నడిమికి మడతపడుతుంది. మడత పడుతున్నకొద్దీ నక్షత్రం ఆకారపు రేకు ఒకటి పైకి లేచి ఆరు ఖాళీ తొడుగులనూ ఒక్కసారిగా బయటికి నెట్టేసి, టక్కున మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. కాల్చినప్పుడు దాని .455 తూటా అదిరిపడేంత దెబ్బ కొడుతుందని కొత్తవాళ్లు భయపడతారు. నిజానికి అది బరువైన సీసపు గుండు, వేగం శబ్దంలో సగానికి కాస్త ఎక్కువ. అరచేతిలో మెత్తగా నెట్టినట్టుంటుంది తప్ప గుద్దినట్టుండదు.

ఇదే కంపెనీ చేసిన వెబ్లీ-ఫాస్‌బరీ అనే విచిత్రం కూడా ఉంది. 1863లో వాయవ్య సరిహద్దు అంబేలా దండయాత్రలో విక్టోరియా క్రాస్ పొందిన జార్జి ఫాస్‌బరీ ఆలోచన అది. పేలినప్పుడు పైభాగమంతా వెనక్కి జారుతుంది. సిలిండరు మీద చెక్కిన వంకరటింకర గాట్లలో ఒక మేకు పాకి, తర్వాతి గదిని దానంతట అదే తిప్పుతుంది. 1902లో వాల్టర్ వినాన్స్ దీంతో ఏడు సెకన్లలో ఆరు గుళ్లనూ రెండంగుళాల వృత్తంలో పెట్టి చూపించాడు. ఈ వినాన్స్ ఒలింపిక్స్‌లో షూటింగుకు, శిల్పకళకు రెంటికీ బంగారు పతకాలు గెలిచిన మనిషి. పోటీల్లో ఇంత గొప్పగా పనిచేసిన ఫాస్‌బరీ, కందకాల బురదలో ఆ గాట్లు పూడిపోయి చతికిలబడింది.

ఇవాళ ఇంగ్లండులో వెబ్లీని కాల్చడం లీ-ఎన్‌ఫీల్డ్‌ను కాల్చినంత సులువు కాదు. 1996 మార్చి 13న స్కాట్లండులోని డన్‌బ్లేన్ ప్రాథమిక పాఠశాలలో ఒకడు చేతి తుపాకులతో 16 మంది పసిపిల్లలను, వాళ్ల టీచరును చంపేశాడు. మరుసటి ఏడాది అక్కడి పార్లమెంటు చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించింది. అంతకుముందు 1987లో హంగర్‌ఫర్డ్ అనే ఊళ్లో జరిగిన మారణకాండ తర్వాత తమంతట తామే తూటా ఎక్కించుకునే పెద్ద రైఫిళ్లను నిషేధించారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్యాంప్ పెర్రీలో ఏటా పోటీలు జరిగే ఎం1 గరాండ్ రైఫిలు కూడా ఆ జాబితాలోదే. అయితే చారిత్రక ప్రాముఖ్యం, అరుదైనతనం ఉన్న చేతి తుపాకులకు చట్టం ఒక సన్నని దారి వదిలింది. బిస్లే వంటి కొన్ని గుర్తింపు పొందిన చోట్ల ఆయుధాగారంలోనే వాటిని ఉంచాలి. యజమాని అక్కడికే వెళ్లి కాల్చుకోవాలి, అక్కడే అప్పజెప్పి రావాలి. ఇంటికి తీసుకుపోకూడదు. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. పిల్లల ప్రాణాల ముందు ఎవరి అభిరుచీ పెద్దది కాదు. ఆ మాట ఒప్పుకుంటూనే చరిత్రను పూర్తిగా మూగబోనివ్వకుండా చూసుకున్నారు.

మన దగ్గర త్రీనాట్‌త్రీ ఆయుష్షు ఇంకా పొడవైంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చిన భారత సైన్యం భుజాన ఉన్నది ఇదే. 1962 నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర, ఎముకలు కొరికే చలిలో, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వాన కుమావూన్ రెజిమెంటు కంపెనీ చిట్టచివరిదాకా పోరాడింది కూడా దీంతోనే. ఎదుట చైనా సైనికుల చేతుల్లో వరసగా పేలే కొత్తతరం రైఫిళ్లున్నాయి. మనవాళ్లు ప్రతి తూటాకూ బోల్టు లాగి తోయాలి. ఒక మెట్టు కింద ఉంచిన తెల్లదొరలు అప్పటికి లేరు. మెట్టు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ యుద్ధం తర్వాత సైన్యం కొత్త రైఫిలుకు మారింది. పోలీసులకు త్రీనాట్‌త్రీలు మరో యాభై ఏళ్లు మిగిలాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడులో దానికి లాంఛనంగా వీడ్కోలు పలికారు.

ఇంతకాలం ఈ రైఫిలును ఇంతమంది మోసిన దేశంలో, మామూలు పౌరుడు దాన్ని రేంజిలో కాల్చి చూసే వీలు లేదు. మన ఆయుధ చట్టం కింద .303 నిషిద్ధ బోరు. సైన్యం తూటాలు బయటికి పొక్కకూడదన్న ఆ ఆంక్షకు మూలం బ్రిటిష్ కాలంలోనే ఉంది. లైసెన్సున్న పౌరులకు ఇషాపూర్ తయారుచేసి ఇచ్చే .315 స్పోర్టింగ్ రైఫిలును విప్పి చూస్తే లోపల ఉన్నది లీ బోల్టే. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు వెబ్లీలాగే నడిమికి మడతపడుతుంది. కాలేజీలో ఎన్‌సీసీలో చేరినవాళ్లు .22తో నాలుగు రౌండ్లు కాల్చి ఉంటారు. డ్రిల్లులో భుజం నొప్పెట్టేలా మోసిన డీపీ రైఫిలు మాత్రం పేలని త్రీనాట్‌త్రీ. మన గడ్డమీద ఈ వంశం తెగిపోలేదు. పేరు మార్చుకుని బతుకుతోంది.

నిషేధం ఎత్తేయమని నేను అడగను. శాంతిభద్రతల కారణాలు నిజమైనవి. కానీ ఠాణాల స్టాకు రిజిస్టర్లలోంచి ఈ రైఫిళ్లను కొట్టేసేటప్పుడు కొన్నిటినైనా, ముఖ్యంగా ఇషాపూర్ ముద్ర ఉన్నవాటిని, గ్రెనేడు విసరడానికి బ్యారెల్ చుట్టూ రాగితీగ చుట్టినవాటిని, కొయ్యముక్క బిగించిన ఆ .410 మస్కెట్లను, పనిచేసే స్థితిలో దాచాలి. పోలీసు అకాడమీలకు సొంత రేంజిలున్నాయి, ఆర్మరర్లున్నారు. బిస్లే పద్ధతిలో ఆయుధం గడప దాటకుండా, చరిత్ర విద్యార్థులకు, మ్యూజియం ఉద్యోగులకు, రచయితలకు ఏడాదికోసారైనా శిక్షకుల సమక్షంలో అవి చూపించి, కాల్పించి చూపొచ్చు. పాత రైఫిలు ఎక్కడ మొరాయిస్తుందో, దాన్ని ఎలా విప్పాలో తెలిసిన ఆర్మరర్లు రిటైరైపోతున్నారు. వాళ్లు చెప్పేది రాసిపెట్టుకోవడానికి కూడా ఎక్కువ వ్యవధి లేదు.

వచ్చే భాగంలో 1962 తర్వాత సైన్యం చేతికొచ్చిన ఎస్‌ఎల్‌ఆర్ కథ. బెల్జియంలో పుట్టిన ఆ రైఫిలు ఇషాపూర్‌లో ఎలా తయారైందో, త్రీనాట్‌త్రీకి అలవాటుపడిన జవాన్లు దాన్ని ఎలా నేర్చుకున్నారో చూద్దాం.